కాపలా కాసేదే దారి మూస్తే: సెక్యూరిటీ ప్లగిన్ల వల్ల సైట్లు పడిపోయిన కథ

పోస్టు పెద్దది, తీరికున్నప్పుడే చదవండి.

వెబ్‌సైట్ పనులు నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. "అన్నా, హ్యాకర్ల భయానికి సెక్యూరిటీ ప్లగిన్ పెట్టినం. అందులో ఒక సెట్టింగ్ మార్చినం. అంతే, సైటే పోయింది. కాపాడాల్సిందే పడగొడితే ఇంకెవరికి చెప్పుకోవాలి?" ఆ ఫోల్డర్ పేరు మార్చు, ఈ లైన్ తీసెయ్ అని రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. చెప్తాను కూడా. కానీ ఆ జవాబు ఎందుకు పనిచేస్తుందో, ఒక్కోసారి ఎందుకు పనిచెయ్యదో తెలియాలంటే ఈ కాపలా సాఫ్ట్‌వేర్ ఎట్లా పుట్టిందో, ఎక్కడెక్కడ బోల్తా కొట్టిందో కూడా తెలియాలి. ఇది మన ఒక్కరి కష్టం కాదు. ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలే ఇందులో పడ్డాయి.

అందరికీ గుర్తున్న సంఘటనతో మొదలుపెడదాం. 2024 జూలై 19, శుక్రవారం. మన టైం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సెక్యూరిటీ కంపెనీ తన ఫాల్కన్ సాఫ్ట్‌వేర్ ఉన్న విండోస్ కంప్యూటర్లకు ఒక చిన్న కాన్ఫిగరేషన్ ఫైల్ పంపింది. కొత్త ప్రోగ్రామ్ ఏం కాదు. ఎలాంటి కదలికను అనుమానించాలో చెప్పే జాబితా, అంతే. దాని నంబర్ 291. ఆ ఫైల్ 21వ విలువను చూడమని చెప్పింది. చదివే ప్రోగ్రామ్ చేతిలో ఉన్నవి 20 విలువలే. లేని చోట చెయ్యి పెట్టి వెతికింది, కంప్యూటర్ మొత్తం నీలి తెర వేసుకొని కూలబడింది. తప్పు తెలుసుకొని 78 నిమిషాల్లో ఫైల్ వెనక్కి తీసుకున్నారు. అప్పటికే మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. అది మొత్తం విండోస్ కంప్యూటర్లలో ఒక్క శాతం కూడా కాదు. అయినా ఆస్పత్రులు, బ్యాంకులు, విమానాలు ఆగిపోయాయి. మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిన ఫోటో ఆ రోజు అందరి ఫోన్లలో తిరిగింది, చూసే ఉంటారు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తు పెట్టుకోండి, మన సైట్ దగ్గర పనికొస్తాయి. ఒకటి, వైద్యం చాలా చిన్నది: కంప్యూటర్‌ని సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైల్ తీసెయ్యడం. రెండు, ఆ చిన్న పనిని దూరం నుంచి చెయ్యలేకపోయారు. కంప్యూటర్ లేస్తేనే కదా దానికి కబురు పంపేది! చాలా చోట్ల ఒక్కో యంత్రం దగ్గరికి మనిషి నడిచి వెళ్లి చేత్తో చెయ్యాల్సి వచ్చింది.

దీనికి పద్నాలుగేళ్ల ముందే ఇలాంటిదే ఒకటి జరిగింది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ తన 5958 నంబర్ అప్‌డేట్ పంపింది. విండోస్ ఎక్స్‌పీలో ఎస్‌వీసీహోస్ట్ అనే సొంత ఫైల్ ఉంటుంది. అది లేకుండా విండోస్ నడవదు. ఈ కొత్త అప్‌డేట్ దాన్నే వైరస్ అనుకొని పట్టుకుంది. కంప్యూటర్లు ఆగుతూ, మళ్లీ మొదలవుతూ, మళ్లీ ఆగుతూ ఉండిపోయాయి. విచిత్రం ఏంటంటే అప్పుడు మెకాఫీలో చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్‌గా ఉన్న జార్జ్ కర్ట్జ్, 2011లో బయటికొచ్చి మరికొందరితో కలిసి పెట్టిన కంపెనీయే క్రౌడ్‌స్ట్రైక్. ఇందులో కుట్ర ఏదో ఉందని కొందరు రాశారు. నాకైతే అలా అనిపించదు. మనిషి కన్నా పనిలోనే ఆ ప్రమాదం ఉంది.

ఆ పని ఏంటో చూద్దాం. కాపలావాడు అందరికన్నా ముందు నిలబడాలి. అడవి చెక్‌పోస్ట్ ఊరి మధ్యలో పెడితే లాభం లేదు, దారి మొదట్లోనే పెట్టాలి. కానీ దారి మొదట్లో పెట్టిన గేటు తుప్పుపట్టి బిగుసుకుపోతే దొంగ కలప లారీ ఒక్కటే ఆగదు, అంబులెన్స్ కూడా ఆగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఫోటో గ్యాలరీ చెడిపోతే ఫోటోలు మాత్రమే కనిపించవు. కాపలా చెడిపోతే అన్నీ పోతాయి, ఎందుకంటే అన్నీ దాని వెనకే ఉన్నాయి. కంచె చేను మేసిందని మనవాళ్లు అంటుంటారు. ఇక్కడ కంచె చేను మేయలేదు. కాస్తూ కాస్తూ రైతునే లోపలికి రానివ్వలేదు. ఆ తేడా చూసుకోవాలి, లేకపోతే కోపంలో కంచె పీకి పారేస్తాం.

ఇక వెబ్‌సైట్ల వైపు వద్దాం. 1995లో అపాచీ అనే వెబ్ సర్వర్ వచ్చింది. దాంట్లో ఫోల్డర్ ఫోల్డర్‌కీ సొంత నియమాలు రాసుకోడానికి డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే ఫైల్ ఉంటుంది. ఫలానా అడ్రస్ నుంచి వచ్చినోళ్లను ఆపు, ఈ ఫోల్డర్ తాళం పెట్టు అని ఒక్కో లైన్ రాసేవాళ్లు. ఇందులో ఒక అక్షరం తప్పు పడినా సర్వర్ ఏ పేజీ ఇవ్వదు, 500 ఎర్రర్ చూపిస్తుంది. ప్లగిన్లు రాకముందు నుంచే ఉన్న జబ్బు ఇది. 2012లో అపాచీ 2.4 వచ్చినప్పుడు, మనుషుల్ని ఆపే, అనుమతించే ఆ మాటల వ్యాకరణమే మారిపోయింది. పాత పద్ధతిలో రాసిన లైన్లు కొత్త సర్వర్‌కి వెళ్తే, పాత మాట అర్థం చేసుకునే మాడ్యూల్ అక్కడ లేకపోతే, మళ్లీ అదే 500. సైట్‌లో ఎవరూ ఏమీ మార్చకపోయినా పడిపోయిందంటే ముందు ఇక్కడ చూడాలి. ఇల్లు మారలేదు, నేల మారింది.

వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది. మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు, ఆగిపోయిన బీ2 అనే పాత బ్లాగు సాఫ్ట్‌వేర్‌ని తీసుకొని దీన్ని మొదలుపెట్టారు. మరుసటి ఏడు, 2004లో 1.2 వెర్షన్‌తో ప్లగిన్ల ఏర్పాటు వచ్చింది. ఎవరైనా చిన్న ప్రోగ్రామ్ రాసి సైట్‌కి తగిలించొచ్చు. మనలాంటి చిన్న సంఘాలు, డబ్బులేని వాళ్లు సైట్ పెట్టుకోగలిగారంటే దీని పుణ్యమే. అదే తలుపు నుంచి దొంగలు కూడా వచ్చారు. 2011లో టిమ్‌థంబ్ అనే చిన్న ఫైల్ సంగతి బయటపడింది. ఫోటోల సైజు తగ్గించే ఆ ఫైల్ ఎన్నో థీముల్లో దాగి ఉండేది. దాని ద్వారా బయటివాళ్లు తమ ప్రోగ్రామ్‌ని మన సర్వర్లోకి ఎక్కించొచ్చు. ఆ లొసుగు కనిపెట్టిన మార్క్ మౌండర్‌కి అది ఎట్లా తెలిసిందంటే, ఆయన సొంత బ్లాగే హ్యాక్ అయింది. దెబ్బ తిన్నాక కూర్చొని ఎక్కడి నుంచి వచ్చారో తవ్వాడు. ఆ తర్వాత ఆయన తెచ్చిన ప్లగినే వర్డ్‌ఫెన్స్.

2013 ఏప్రిల్‌లో ఇంకో దాడి. ప్రపంచం నలుమూలల నుంచి వేల కంప్యూటర్లు వర్డ్‌ప్రెస్ సైట్ల లాగిన్ పేజీ మీద పడి, "అడ్మిన్" అనే యూజర్ పేరుతో పాస్‌వర్డ్‌లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూశాయి. అప్పటి నుంచి నాలుగైదు సార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే ఆ ఐపీ అడ్రస్‌ని బయటికి నెట్టే ప్లగిన్లు ప్రతి సైట్‌లోకీ వచ్చాయి. మంచి ఆలోచనే. కానీ ఆ ఆలోచన చేసినవాళ్ల మనసులో ఒక ఇంటికి ఒక ఇంటర్నెట్ లైన్ ఉన్న దేశం ఉంది. మన హాస్టల్ సంగతి తెలుసు కదా. వందమంది ఉన్నా బయటికి కనిపించే ఐపీ అడ్రస్ ఒక్కటే. మొబైల్ డేటాలో కూడా చాలామంది ఒకే అడ్రస్ వెనక ఉంటారు. ఒక్కడు పాస్‌వర్డ్ మర్చిపోయి ఐదుసార్లు కొడితే హాస్టల్ మొత్తానికీ తలుపు పడుతుంది. "సైట్ క్రాష్ అయింది" అని వచ్చే ఫోన్లలో కొన్ని అసలు క్రాష్ కావు, ఇవే. వేరే నెట్ నుంచి ఇంకొకరిని తెరిచి చూడమంటే పది సెకన్లలో తేలిపోతుంది. వాళ్లకి తెరుచుకుంటే సైట్ బతికే ఉంది, బయట పెట్టింది మిమ్మల్నే.

హ్యాకర్లు తెలివి మీరేకొద్దీ ప్లగిన్లు ఇంకా ముందుకు జరిగాయి. మామూలు ప్లగిన్ వర్డ్‌ప్రెస్ లేచాక లేస్తుంది. ఈలోపే దొంగ ఏదైనా పాత ప్లగిన్ ఫైల్‌ని నేరుగా పిలిచి లోపలికి రావొచ్చు. అందుకని కొన్ని ఫైర్‌వాల్ ప్లగిన్లు వర్డ్‌ప్రెస్ కన్నా ముందే లేచే ఉపాయం పట్టాయి. పీహెచ్‌పీ భాషలో ఒక సెట్టింగ్ ఉంది, ఆటో ప్రిపెండ్ ఫైల్ అంటారు. ఏ పేజీ అడిగినా సరే, ముందు ఈ ఫైల్ నడిపి ఆ తర్వాతే అసలు పేజీ నడుపు అని ఆజ్ఞ. 2009లో వచ్చిన పీహెచ్‌పీ 5.3 నుంచి ఈ ఆజ్ఞని డాట్ యూజర్ డాట్ ఐఎన్ఐ అనే చిన్న ఫైల్‌లో మనమే రాసుకోవచ్చు. ప్లగిన్ సెటప్ బటన్ నొక్కితే ఆ లైన్ అదే రాసుకుంటుంది. ఫైల్ ఉన్న పూర్తి దారి, సర్వర్ మొదటి ఫోల్డర్ నుంచి చివరిదాకా, అందులో ఉంటుంది. ఆ దారి చివర ఫైల్ లేకపోతే? పీహెచ్‌పీ ముందుకు కదలదు. "కావాల్సిన ఫైల్ తెరవలేకపోయాను" అని ఫాటల్ ఎర్రర్ ఇచ్చి చచ్చిపోతుంది. ప్రతి పేజీకీ, అడ్మిన్ పేజీకి కూడా.

నా కళ్ల ముందు జరిగిన ఉదాహరణ చెప్తాను, పేర్లు అక్కర్లేదు. ఒక ఆదివాసీ విద్యార్థి సంఘం వాళ్లు ఖర్చు తగ్గుతుందని సైట్‌ని ఒక హోస్టింగ్ నుంచి ఇంకో హోస్టింగ్‌కి మార్చారు. ఫైళ్లన్నీ కాపీ చేశారు, డేటాబేస్ ఎక్కించారు. సైట్ తెరిస్తే తెల్ల పేజీ. ఇంటర్నెట్‌లో అందరూ చెప్పే మొదటి మందు వేశారు: ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మార్చడం. పేరు మారితే వర్డ్‌ప్రెస్‌కి ప్లగిన్లు దొరకవు, అన్నీ ఆగిపోతాయి, సైట్ లేస్తుంది. నిజంగానే పదింట్లో ఎక్కువసార్లు పనిచేసే మందే. వీళ్లకి పనిచెయ్యలేదు. థీమ్ మార్చారు, లాభం లేదు. రెండో రోజుకి ఒకరు "అంతా తీసేసి కొత్తగా ఇన్‌స్టాల్ కొడదాం" అన్నారు. హోస్టింగ్ ప్యానెల్‌లో ఆ బటన్ ఉంది కూడా.

ఆ బటన్ నొక్కి ఉంటే ఏం పోయేదో చెప్పాలి. ఆ సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయి, అవి ఎక్కడైనా దొరుకుతాయి. స్కాలర్‌షిప్ వివరాలు ఉన్నాయి, మళ్లీ రాసుకోవచ్చు. కానీ గోండి, కొలామీ మాటల జాబితాలు, పెద్దవాళ్ల దగ్గర కూర్చొని ఫోన్‌లో రికార్డ్ చేసిన పాటలు, కథలు కూడా ఉన్నాయి. రికార్డ్ చేసిన ఫోన్లు ఎప్పుడో పాడయ్యాయి. పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. పాత హోస్టింగ్ గడువు ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుంది. ఆ నాలుగు రోజులు దాటాక కొత్త చోట ఉన్న కాపీయే లోకంలో మిగిలే ఏకైక కాపీ.

వర్డ్‌ప్రెస్ సైట్ అంటే మూడు ముక్కలని ఇలాంటప్పుడే గుర్తుండాలి. రాతలు డేటాబేస్‌లో ఉంటాయి. ఫోటోలు, ఆడియోలు అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. మిగతా ప్రోగ్రామ్ అంతా ఇంటర్నెట్‌లో ఎప్పుడైనా మళ్లీ దొరికేదే. సైట్ తెరుచుకోవట్లేదంటే రాతలు, పాటలు పోయాయని కాదు, తలుపు పట్టేసిందని. తలుపు పట్టేసినప్పుడు ఎవరైనా ఇల్లు కూలగొడతారా? ముందు అప్‌లోడ్స్ ఫోల్డర్‌ని జిప్ చేసి దించుకోవాలి, డేటాబేస్‌ని ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఈ రెంటికీ సైట్ లేవక్కర్లేదు, హోస్టింగ్ ప్యానెల్ చాలు. వాళ్లు ఆ రాత్రి ముందు ఆ పనే చేశారు. నెమ్మదైన నెట్ మీద తెల్లవార్లూ పట్టింది.

తర్వాత ఎర్రర్ లాగ్ తెరిచారు. మన పిల్లలు దీన్ని చివర చూస్తారు, మొదట చూడాల్సింది ఇదే. తెల్ల పేజీ మీకేం చెప్పదు, ఎందుకంటే బయటివాళ్లకి లోపలి సంగతి చూపించొద్దని సర్వర్‌కి నేర్పించారు. లాగ్ అన్నీ చెప్తుంది. అందులో ఒకే లైన్ వందలసార్లు ఉంది: ఫలానా దారిలో ఫైర్‌వాల్ ఫైల్ తెరవలేకపోయాను. ఆ దారిలో ఉన్న యూజర్ పేరు చూస్తే అది పాత హోస్టింగ్‌ది! కాపీ చేసినప్పుడు డాట్ యూజర్ డాట్ ఐఎన్ఐ కూడా వచ్చేసింది. అందులో పాత ఇంటి అడ్రస్ అలాగే ఉంది. ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మారిస్తే ఎందుకు లాభం లేదో ఇప్పుడు అర్థమైంది కదా. జబ్బు ఆ ఫోల్డర్‌లో లేదు, దానికన్నా ముందు గుమ్మంలో ఉంది. చుక్కతో మొదలయ్యే పేర్లున్న ఫైళ్లు ఫైల్ మేనేజర్‌లో మామూలుగా కనిపించవు. సెట్టింగ్స్‌లో దాచిన ఫైళ్లు చూపించు అని టిక్ పెట్టాలి. అందుకే రెండు రోజులు ఎవరికీ కనపడలేదు.

ఆ ఒక్క లైన్ తీసేశారు. సైట్ అప్పటికీ లేవలేదు. ఇక్కడే చాలామంది "ఇది కూడా కాదు" అనుకొని లైన్ మళ్లీ పెట్టేసి ఇంకెక్కడికో పోతారు. పీహెచ్‌పీ ఈ ఫైల్‌ని ప్రతిసారీ చదవదు, మామూలుగా 300 సెకన్లకి ఒకసారి చదువుతుంది. ఐదు నిమిషాలు ఆగారు, సైట్ లేచింది. పాటలు, కథలు అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత ప్లగిన్ సెట్టింగుల్లోకి వెళ్లి ఫైర్‌వాల్‌ని కొత్త దారితో మళ్లీ సెటప్ చేసుకున్నారు.

2019 మే నెలలో వర్డ్‌ప్రెస్ 5.2తో రికవరీ మోడ్ వచ్చింది కదా, అది ఎందుకు కాపాడలేదు అని కొందరు అడిగారు. మంచి ప్రశ్న. రికవరీ మోడ్ అంటే, ఏదైనా ప్లగిన్ ఫాటల్ ఎర్రర్ ఇస్తే వర్డ్‌ప్రెస్ దాన్ని పట్టుకొని, అడ్మిన్‌కి ఒక ప్రత్యేక లింకుతో మెయిల్ పంపుతుంది. ఆ లింకుతో లోపలికెళ్లి ఆ ప్లగిన్ ఆపుకోవచ్చు. చాలా మేలు చేసిన ఏర్పాటు. కానీ పట్టుకోవాలంటే ముందు వర్డ్‌ప్రెస్ లేవాలి. ఇక్కడ అది లేవకముందే కథ అయిపోయింది. పైగా ఆ మెయిల్ ఎవరికి పోతుంది? సైట్ పెట్టిన సీనియర్ ఇచ్చిన మెయిల్‌కి. ఆయన చదువైపోయి ఉద్యోగంలో చేరి ఆ మెయిల్ తెరిచి మూడేళ్లయి ఉంటుంది. మన సంఘాల సైట్లలో సగం కష్టాలు టెక్నాలజీవి కావు, ఈ రకంవే.

సెట్టింగ్ వల్ల వచ్చే ఇంకో రకం, ఆగకుండా తిరిగే పేజీ. "ఈ పేజీ చాలాసార్లు దారి మళ్లించింది" అని బ్రౌజర్ అంటుంది. ఎలాగంటే, అందరినీ హెచ్‌టీటీపీఎస్‌కే పంపాలని ప్లగిన్‌లో టిక్ పెడతారు. సైట్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటిది ఫ్లెక్సిబుల్ పద్ధతిలో ఉంటుంది. అది మన సర్వర్‌తో మామూలు హెచ్‌టీటీపీలోనే మాట్లాడుతుంది. సర్వర్ "హెచ్‌టీటీపీఎస్‌లో రా" అంటుంది, సందర్శకుడు అలాగే వస్తాడు, మధ్యవాడు మళ్లీ హెచ్‌టీటీపీలోనే అడుగుతాడు, సర్వర్ మళ్లీ అదే మాట అంటుంది. ఇద్దరు కాపలావాళ్లు, ఇద్దరూ తమ పని సరిగ్గానే చేస్తున్నారు, మనిషి మాత్రం వాళ్ల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఫ్లెక్సిబుల్ తీసి ఫుల్ పెట్టాలి, అంతకుముందు సర్వర్ మీద కూడా సర్టిఫికెట్ ఉండేట్టు చూస్కోవాలి.

క్లౌడ్‌ఫ్లేర్ పేరు వచ్చింది కాబట్టి వాళ్ల కథ కూడా చెప్పాలి. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన కథ అదే. 2019 జూలై 2, మన టైం రాత్రి 7 గంటల 12 నిమిషాలు. వాళ్ల ఇంజనీర్ ఒకరు ఫైర్‌వాల్‌లో ఒక కొత్త నియమం పెట్టారు. దొంగ జావాస్క్రిప్ట్‌ని గుర్తుపట్టే నియమం. జాగ్రత్తగా దాన్ని పరీక్ష పద్ధతిలోనే పెట్టారు, అంటే ఎవరినీ ఆపకు, ఊరికే చూస్తూ ఉండు అని. కానీ చూడ్డానికి కూడా మెదడు కావాలి కదా. ఆ నియమంలో "ఏదైనా ఉండొచ్చు, దాని తర్వాత ఏదైనా ఉండొచ్చు, తర్వాత ఈక్వల్ గుర్తు" అనే అర్థం వచ్చే చిన్న ముక్క ఉంది. ఒక వాక్యాన్ని అలా ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో అన్ని రకాలుగా విడగొట్టి చూస్తూ పోయింది. ప్రపంచమంతటా వాళ్ల సర్వర్ల ప్రాసెసర్లు 100 శాతానికి చేరాయి. వాళ్ల వెనక ఉన్న సైట్లన్నీ 502 ఎర్రర్ చూపించాయి. 27 నిమిషాలు.

సరే, ఆపేస్తే పోలా? ఆపే బటన్ ఉన్న లోపలి ప్యానెల్ కూడా వాళ్ల సొంత క్లౌడ్‌ఫ్లేర్ వెనకే ఉంది! పైగా కొందరు ఇంజనీర్ల లాగిన్‌లు, చాలాకాలం వాడలేదని, భద్రత కోసమే రద్దయి ఉన్నాయి. చివరికి వేరే దారిలో వెళ్లి మొత్తం ఫైర్‌వాల్‌నే ప్రపంచమంతా ఒకేసారి ఆపేశారు, సైట్లు లేచాయి, ఆ తర్వాత తప్పు నియమం తీసి ఫైర్‌వాల్ మళ్లీ పెట్టారు. జరిగిందంతా నిమిషాలతో సహా వాళ్లే రాసి బయటపెట్టారు. అలా రాసిపెట్టే అలవాటు మన సంఘాల్లో కూడా వస్తే బాగుండు. సైట్ ఎప్పుడు పడింది, ఏం చూశాం, ఏం మార్చాం అని ఒక నోటుపుస్తకంలో రాసుంటే వచ్చే బ్యాచ్ వాళ్లు రెండు రోజులు వెతకరు.

సైట్ లేచాక "ఇక ఈ ప్లగినే వద్దు" అనడం కూడా విన్నాను. 2024 నవంబర్‌లో రియల్లీ సింపుల్ సెక్యూరిటీ అనే ప్లగిన్‌లోనే లొసుగు బయటపడింది. 40 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్ అది. రెండంచెల లాగిన్ సెట్టింగ్ ఆన్ చేసుకున్న సైట్లలో, పాస్‌వర్డ్ లేకుండానే అడ్మిన్‌గా లోపలికి వెళ్లొచ్చని తేలింది. అంటే ఎక్కువ జాగ్రత్తపడినవాళ్లకే ఎక్కువ ప్రమాదం. వాదనకి ఇది బలం ఇస్తుంది, ఒప్పుకుంటాను. కానీ దాన్ని కనిపెట్టింది ఇంకో సెక్యూరిటీ ప్లగిన్ కంపెనీ వాళ్లే, వర్డ్‌ఫెన్స్ వాళ్లు. అందుకని నా ఉద్దేశంలో ఒక్క కాపలా చాలు. రెండు మూడు సెక్యూరిటీ ప్లగిన్లు ఒకేసారి పెడితే భద్రత మూడింతలు కాదు, తగువులు మూడింతలు.

ఇప్పుడు మనకి మాత్రమే సంబంధించిన ముచ్చట. దీని గురించి తెలుగులో ఎవరూ పెద్దగా రాయరు. 2002లో ఇవాన్ రిస్టిచ్ అనే ఆయన మాడ్‌సెక్యూరిటీ అనే ఫైర్‌వాల్ తెచ్చాడు. ఇది ప్లగిన్ కాదు, సర్వర్‌లోనే ఉంటుంది. హోస్టింగ్ వాళ్లు పెడతారు. దానికి ఓవాస్ప్ అనే సంస్థ కోర్ రూల్ సెట్ అని నియమాల కట్ట ఇస్తుంది. 2016లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి ఇందులో అనుమానపు మెట్లు నాలుగు ఉన్నాయి. మామూలు సైట్‌కి మొదటి మెట్టు చాలని వాళ్లే చెప్తారు. మూడో మెట్టుకి పెంచితే ఒక నియమం మేలుకుంటుంది: వచ్చే సమాచారంలో ఇంగ్లిష్ కీబోర్డు మీద ఉండే మామూలు అక్షరాలు దాటి ఏ బైట్ కనపడినా అనుమానించు. తెలుగులో ఒక్కో అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మూడూ ఆ హద్దు బయటే. అంటే తెలుగులో "అ" అని రాసి సేవ్ కొట్టినా ఆ కాపలావాడికి దాడిలాగే కనిపిస్తుంది. 403 అని మొహం మీద తలుపు వేస్తాడు. మనం ఏం చేశామని? ఏం చెయ్యలేదు, మన భాషలో రాశాం.

ఇది పగతో పెట్టిన నియమం కాదు. ఇంగ్లిష్ తప్ప ఇంకేదీ రాని చోట్ల వాడుకోమని పెట్టింది. కానీ సైట్‌ని గట్టిగా చెయ్యాలని ఎవరో మెట్టు పెంచితే దెబ్బ మనకి తగుల్తుంది. ఇంగ్లిష్ పేజీలు చక్కగా తెరుచుకుంటాయి, తెలుగు పోస్టు మాత్రం సేవ్ కాదు. 2018లో వచ్చిన కొత్త ఎడిటర్‌లో అయితే 403 అని కూడా కనపడదు, "అప్‌డేట్ విఫలమైంది, జవాబు సరైన జేసన్ కాదు" అంటుంది. చూసినవాళ్లు ఫాంట్ తప్పో, కీబోర్డ్ తప్పో అనుకుంటారు. అన్నట్టు, అదే మాట సెక్యూరిటీ ప్లగిన్‌లో రెస్ట్ ఏపీఐ ఆపేసినా వస్తుంది, ఎడిటర్ దాని మీదే నడుస్తుంది కాబట్టి. అప్పుడు మాత్రం ఇంగ్లిష్ పోస్టు కూడా సేవ్ కాదు. తేడా అలా పట్టుకోవాలి.

గోండి లిపిలో రాసేవాళ్లకి ఇంకో గండం ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి, 2018లో యూనికోడ్ 11.0లో చేరింది. అంతకు ముందేడు మసరం గోండి చేరింది. ఈ అక్షరాలు ఒక్కోటి నాలుగు బైట్లు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో "యూటీఎఫ్8" అని పేరు పెట్టుకున్న పాత పద్ధతి మూడు బైట్ల వరకే దాచగలదు. నాలుగు బైట్లు పట్టే "యూటీఎఫ్8ఎంబీ4" తర్వాత వచ్చింది. వర్డ్‌ప్రెస్ 2015 ఏప్రిల్‌లో, 4.2 వెర్షన్‌తో దానికి మారింది. అందరూ అది ఎమోజీల కోసం అనుకున్నారు. కానీ నాలుగు బైట్ల అక్షరం దగ్గర డేటాబేస్ రాతని మధ్యలో కత్తిరించేస్తుంటే, ఆ కత్తిరింపుని హ్యాకర్లు వాడుకునే దారి ఉందని తెలిసింది. అది మూయడం కూడా ఆ పనిలో భాగమే. మనకి గోండి అక్షరాలు దాచుకునే చోటు అలా, ఒక సెక్యూరిటీ పని వెంట, దొరికింది. అంతకుముందు పెట్టిన పాత సైట్‌ని మారుస్తూ మారుస్తూ వచ్చినవాళ్లు, టేబుళ్లు నిజంగా మారాయో లేదో ఒకసారి చూస్కోండి.

కాబట్టి ప్లగిన్ గానీ హోస్టింగ్ గానీ సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ హోమ్ పేజీ తెరుచుకుందని వదిలెయ్యకండి. హాస్టల్ నెట్ మీద ఒకసారి, మొబైల్ డేటా మీద ఒకసారి లాగిన్ అవ్వండి. ఒక తెలుగు పేరా, కింద గుంజాల గోండిలో నాలుగు అక్షరాలు పెట్టి సేవ్ కొట్టండి. తెలుగు పేరాకే 403 వస్తే ఆ నిమిషం, మీ ఐపీ అడ్రస్ రాసుకొని హోస్టింగ్ వాళ్లని ఏ నియమం నంబర్ ఆపిందో అడగండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపమని అడగొద్దు. ఆ ఒక్క నియమం మన సైట్‌కి తీసెయ్యమంటే చాలామంది తీసేస్తారు. తెలుగు సేవ్ అయి గోండి దగ్గర రాత తెగిపోతే, లేదా ప్రశ్న గుర్తులు వస్తే, అది ఫైర్‌వాల్ పని కాదు, డేటాబేస్ టేబుల్ మార్చాలి. మార్చేముందు అప్‌లోడ్స్, డేటాబేస్ రెండూ దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఒకటి హాస్టల్‌లో, ఒకటి ఊళ్లో.